స్టేడియం కట్టిన చేతులు, ఊళ్లో మిగిలిన అప్పు

2022లో ఖతర్‌లో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌ను మనవాళ్లు అర్ధరాత్రి దాకా మేలుకొని చూశారు. ఆ ఆటల కోసం ఏడు స్టేడియాలు కొత్తగా లేచాయి. మెట్రో, హోటళ్లు, రోడ్లు అదనం. వాటిని కట్టినవారిలో ఎక్కువమంది భారత్, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌ల నుంచి వెళ్లిన కూలీలు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ దారి పట్టినవాళ్లూ వారిలో ఉన్నారు.

మనుషుల అక్రమ రవాణా అనగానే సినిమాల్లోని కిడ్నాపులు గుర్తొస్తాయి. అసలు సంగతి వేరు. మోసం చేసి గానీ, నిస్సహాయతను ఆసరాగా తీసుకొని గానీ మనిషిని తరలించి వెట్టి చేయిస్తే అది అక్రమ రవాణాయేనని ఐక్యరాజ్య సమితి 2000లో ఆమోదించిన ఒప్పందం చెబుతోంది. ఇష్టపడే విమానం ఎక్కాడు కదా అన్న వాదన అక్కడ చెల్లదు.

పెద్ద ఆటల పోటీలకు గడువు ముందే ఖరారవుతుంది. వేలమంది కూలీలు త్వరగా కావాలి. పెద్ద కంట్రాక్టరు కింద చిన్న కంట్రాక్టరు, ఆ కింద ఇంకొకరు, అట్టడుగున మన ఊరి ఏజెంటు. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప తీసుకోకూడదని మన చట్టం. అంతకు కొన్ని రెట్లు గుంజేవాళ్లకు కొదవలేదు. నగలు కుదువకు పోతాయి, మిత్తి మొదలవుతుంది. అక్కడ దిగాక జీతం చెప్పినంత ఉండదు, పాస్‌పోర్టు కఫీల్ చేతిలో. పాత కఫాలా పద్ధతిలో అతని అనుమతి లేనిదే ఉద్యోగం మారడానికీ, ఇంటికి రావడానికీ వీల్లేదు. పారిపోతే ‘ఖల్లివెల్లి’ అయ్యాడంటారు. గదికి తాళం లేకపోయినా అప్పు కదలనివ్వదు.

ఖతర్ 2020లో ఈ నిబంధనలు సడలించింది, 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు చేసింది. ప్రపంచం వేలెత్తి చూపకపోతే ఇది జరిగేది కాదని మా అభిప్రాయం. చాలా మరణాలను మాత్రం ‘సహజ మరణం’ అని రాసి ముగించారు. అలా రాస్తే కుటుంబానికి పరిహారం రాదు.

ఇప్పుడు 2034 ప్రపంచ కప్ సౌదీ అరేబియాది. ప్రతిపాదించిన 15 స్టేడియాల్లో 11 కొత్తగా కట్టాలి. పనితోపాటు ఉమ్రా కూడా అయిపోతుందని ఏజెంటు అంటే మనవాళ్లు కరగకుండా ఉంటారా?

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ రకం. సౌదీ, ఖతర్ వంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వారికి ప్రభుత్వ అనుమతి, 10 లక్షల ప్రమాద బీమా తప్పనిసరి. విజిట్ వీసా మీద పంపితే ఇవేవీ ఉండవు. పది పాసైన కుర్రవాడికి ఆ అనుమతే అక్కర్లేదు, అంటే ఆపి అడిగేవాడూ లేడు. చదువు చెప్పేవాళ్లకు ఇది మింగుడుపడని విషయం.

జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో అప్పులపాలైనవారూ, బంధనాల్లో ఉన్నవారూ ఉన్నారు. తిరిగొచ్చినవారికి ఆ సాయం అందుతోంది, అందాలి. వెళ్లబోయేవారికి ఒప్పంద పత్రం చదివి చెప్పడానికీ, ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూసిపెట్టడానికీ ఒక మనిషిని పెడితే అయ్యే ఖర్చు ఇంకా తక్కువ. మీ డ్రైవరో, ఇంట్లో పనిచేసే ఖాలా కొడుకో వీసా వచ్చిందని మిఠాయి తెస్తే, ఏ రకం వీసా, ఎంత కట్టావు, ఎవరి దగ్గర తెచ్చావు అని అడగండి.