తినిపించే చేయి, తినడం నేర్పే చేయి

మా అమ్మగారికి పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయిన నాటి నుండి మూడు సంవత్సరాలపాటు ఆమె ఒక్క ముద్ద కూడా తన చేత్తో తినలేదు. మేము తిననివ్వలేదు అనడమే సత్యం. కోడళ్లు, కూతుళ్లు, మనుమరాళ్లు వంతులు వేసుకుని తినిపించేవారు. వజూ మేమే చేయించేవాళ్లము. తల్లిదండ్రుల హక్కులను గురించి ఏళ్ల తరబడి మదరసాలో పాఠాలు చెప్పినవారము కనుక, ఇరుగుపొరుగువారు మెచ్చుకుంటే లోలోపల సంతోషించాము కూడా.

ఒకనాడు ఆమె ఎడమ చేత్తో చెంచా అందుకోబోయారు. "మేము లేమా అమ్మీ!" అంటూ ఆ చెంచాను తీసుకున్నది మేమే. ఎడమ చేత్తో తినడమా అన్న సంకోచం కూడా మా మనసులో మెదిలింది. వ్యాధిగ్రస్తులకు ఆ విషయంలో సడలింపు ఉన్నదని పిల్లలకు చెప్పే మేమే దానిని మరిచాము. ఆమె మళ్లీ చెంచా అడగలేదు.

ఆ చెంచా మాకు తిరిగి గుర్తుకు రావడానికి కారణం అమెరికాలో స్థిరపడిన మా ఆపా కుమార్తె. ఆమె అక్కడ ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ కోర్సుకు దరఖాస్తు చేస్తూ, తాను వ్రాసిన వ్యాసాన్ని చదివి చెప్పమని మమ్మల్ని కోరింది. మన పాఠక కుటుంబాలలో ఆ దేశంలో బిడ్డలున్నవారు ఎందరో ఉన్నారు. వారికి ఉపయోగపడగలదని మేము తెలుసుకున్న విషయాలను ఇక్కడ వివరిస్తున్నాము.

ఏమిటీ విద్య?

'ఆక్యుపేషన్' అనగానే మనకు ఉద్యోగం స్ఫురిస్తుంది. ఈ విద్యలో దాని అర్థం విశాలమైనది. గుండీ పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, బిడ్డకు జడ వేయడం వంటి, మనిషి దినచర్యను నింపే ప్రతి పనీ ఆక్యుపేషనే. అమెరికాలో ఈ వృత్తివారు అనుసరించే మార్గదర్శక పత్రం ఆరాధనను కూడా ఈ దైనందిన కార్యాల జాబితాలో చేర్చింది. జబ్బు వల్లనో, గాయం వల్లనో, పుట్టుకతోనో ఈ పనులు చేసుకోలేని వారికి వాటిని నేర్పడం, అవసరమైతే పనిముట్టును గానీ పద్ధతిని గానీ మార్చడం ఈ చికిత్స సారాంశం.

ఈ వృత్తి 1917లో అమెరికాలో ఒక సంఘంగా రూపుదిద్దుకున్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల పునరావాసం దీనికి ఊపునిచ్చింది. మన దేశంలో తొలి పాఠశాలను 1950లో బొంబాయిలో నెలకొల్పిన కమలా నింబ్కర్ పుట్టుకతో అమెరికన్ మహిళ. నేడు మన దేశంలో ఇది బ్యాచిలర్ డిగ్రీ చదువు. అమెరికాలో థెరపిస్టు కావాలంటే మాస్టర్స్ గానీ డాక్టరేట్ గానీ చేయాలి. అసిస్టెంటుకు మాత్రం సాధారణంగా రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ సరిపోతుంది. దీనిని ఎక్కువగా కమ్యూనిటీ కాలేజీలు బోధిస్తాయి. రోగిని పరీక్షించి ప్రణాళిక నిర్ణయించే బాధ్యత థెరపిస్టుది. ఆయన పర్యవేక్షణలో రోగి పక్కన కూర్చుని ఆ ప్రణాళికను రోజూ అమలు చేసేది అసిస్టెంటు.

"ఇంత చదివి అసిస్టెంటా?" అని మా బంధువులలో కొందరు పెదవి విరిచారు. ఆ పదం విని చిన్నచూపు చూడవద్దని మా మనవి. మా అమ్మగారి మంచం పక్కన అటువంటి అసిస్టెంటు ఒక్కరైనా ఉండి ఉంటే ఎంత బాగుండేదో మాకు తెలుసు.

దరఖాస్తులో ఎదురయ్యే చిక్కులు

మా మేనకోడలు మొదటి ఏడాది ఒక పొరపాటు చేసింది. కాలేజీలో ప్రవేశం దొరికితే కోర్సులోనూ దొరికినట్లే అనుకున్నది. అవి రెండూ వేరు. కాలేజీలో ఎవరైనా చేరవచ్చు. థెరపీ కోర్సుకు మాత్రం విడిగా దరఖాస్తు చేయాలి, సీట్లు పరిమితం. చాలా చోట్ల ఏడాదికి ఒక్కసారే విద్యార్థులను తీసుకుంటారు. గడువు దాటిన సంగతి ఆమెకు దాటిన తరువాతే తెలిసింది. ఒక సంవత్సరం వృథా అయినది.

ముందుగా చూడవలసినది కోర్సుకు 'ఏకోట్' అనే సంస్థ గుర్తింపు ఉన్నదా లేదా అన్నది. గుర్తింపు పొందిన కోర్సు పూర్తి చేసినవారే జాతీయ ధ్రువీకరణ పరీక్షకు అర్హులు. ఆ పరీక్ష నెగ్గి, రాష్ట్ర లైసెన్సు పొందిన తరువాతే పని చేయవచ్చు.

రెండవది, ముందస్తు పాఠ్యాంశాలు. శరీర నిర్మాణ, శరీర ధర్మ శాస్త్రాలు, మనస్తత్వ శాస్త్రం, ఇంగ్లీషు రచన సాధారణంగా అడుగుతారు. భారతదేశపు డిగ్రీ ఉన్నవారు దానిని అక్కడి మూల్యాంకన సంస్థచేత సరిచూపించుకోవాలి. సైన్సు పాఠాలు చదివి చాలా ఏళ్లు గడిచి ఉంటే కొన్ని కాలేజీలు వాటిని అంగీకరించవు. మా మేనకోడలు ఇద్దరు పిల్లలను నిద్రపుచ్చి, ఎముకల పేర్లు మళ్లీ మొదటి నుండి నేర్చుకున్నది.

మూడవది, థెరపీ జరిగే చోట కొన్ని గంటలు కూర్చుని పరిశీలించాలని కొన్ని కాలేజీలు కోరుతాయి. ఇక చదువు చివరి దశలో కనీసం 16 వారాల క్షేత్రశిక్షణ తప్పనిసరి. ఆ కాలంలో పిల్లలను ఎవరు చూస్తారో భార్యాభర్తలు ముందే మాట్లాడుకోవాలి.

ఖర్చు విషయంలో ఒక మాట. వడ్డీ రుణానికి వెనుకాడే కుటుంబాలకు కమ్యూనిటీ కాలేజీ కొంత తేలిక. విశ్వవిద్యాలయాలతో పోలిస్తే ఫీజు తక్కువ. పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆదాయాన్ని బట్టి తిరిగి చెల్లించనక్కరలేని 'పెల్ గ్రాంట్' లభించే అవకాశం ఉన్నది. హెచ్-4 వీసాపై ఉన్నవారు చదువుకోవచ్చు గానీ ఈ సహాయానికి అర్హులు కారు.

క్షేత్రశిక్షణలో స్త్రీ పురుషులిద్దరికీ స్నానం చేయడంలో, దుస్తులు వేసుకోవడంలో తోడ్పడవలసి రావచ్చు. చికిత్స అవసరాన్ని మన ధర్మశాస్త్ర పండితులు ప్రత్యేకంగా పరిగణించారు. అనుమతి అవసరం ఉన్నంత మేరకే అన్నది సూత్రం. స్కార్ఫు గురించి, పొడవు చేతుల గురించి, నమాజు వేళల గురించి చేరకముందే కాలేజీని వ్రాతపూర్వకంగా అడగడం మేలు.

వ్యాసంలో ఏమి వ్రాయాలి?

మా మేనకోడలు పంపిన మొదటి ప్రతిలో 'సేవ', 'కరుణ', 'మానవత్వం' అన్న మాటలు నిండుగా ఉన్నాయి. చదివి, "బిడ్డా, ఇందులో నువ్వు ఎక్కడ ఉన్నావు?" అని అడిగాము. కొంతసేపు మౌనంగా ఉండి, అప్పుడు చెప్పింది.

రెండేళ్ల క్రితం ఆమె మామగారికి అక్కడే పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో ఒక అసిస్టెంటు వచ్చి, ఆయనకు అన్నం తినిపిస్తున్న ఈమెను ఆపి, లావు పిడి ఉన్న చెంచాను ఆయన చేతిలో పెట్టింది. అన్నం బట్టల మీద పడింది. ముసలాయనను ఎందుకు బాధిస్తారని ఈమెకు కోపం వచ్చింది. కొన్ని వారాల తరువాత ఆయన స్వయంగా భోజనం చేశారు. కుళాయి ముందు కుర్చీలో కూర్చుని ఒంటి చేత్తో వజూ చేసుకున్నారు. ఆ రోజు ఆయన కళ్లు చెమర్చాయట.

"అప్పుడు నాకు నానీ గుర్తొచ్చింది మామూజాన్. నేను కూడా నానీకి తినిపించాను కదా" అన్నది.

ఆ మాటలే వ్రాయమన్నాము. తన కోపంతో సహా వ్రాయమన్నాము. రెండవ ప్రతిలో పెద్ద మాటలు లేవు. అల్లాహ్ దయవల్ల ఈసారి ఆమెకు సీటు లభించింది.

ఇటీవల మా విద్యార్థి ఒకరి తండ్రికి పక్షవాతం వచ్చింది. పరామర్శకు వెళ్లేసరికి కుమారుడు ప్రేమతో తినిపిస్తున్నాడు. ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉన్నారేమో వెంటనే విచారించమని చెప్పాము. తండ్రికి మింగడంలో ఇబ్బంది లేదని వైద్యులు చెప్పారో లేదో అడిగాము. లేదన్నారని అన్నాడు. అప్పుడు ఆ చెంచాను ఆయన ఎడమ చేతికి అందించి, పక్కన ఓపికగా కూర్చోమన్నాము.