అరచేతిలో జెట్ విమానం

ఆకాశంలో విమానం పోతూంటే అందరమూ తలెత్తి చూస్తాం. కాని దాని ఆకారాన్ని సరిగా చూసేవాళ్ళు తక్కువ. రెక్కలు ముక్కుకు ఎంత వెనకగా ఉన్నాయి? తోక ఏ ఎత్తున ఉన్నది? గాలి ఏ దారిన ఇంజనులోకి పోతున్నది? ఈ ప్రశ్నలు ఎవరైనా అడిగితే మనం నీళ్ళు నములుతాం. విమానాన్ని బాగా చూడటానికి ఒక మంచి ఉపాయం ఉన్నది. దాని నమూనాను మన చేతులతో మనమే తయారుచెయ్యటం!

ఇది వట్టి ఆట అనుకోరాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, అమెరికా నౌకాదళం వారు తమ దేశపు బడిపిల్లలను 5 లక్షల విమాన నమూనాలు చేసి ఇమ్మని కోరారు. పిల్లలు వాటిని కొయ్యతో చెక్కి నల్లరంగు పూశారు. సైనికులు ఆ నమూనాలను చూసి, ఏ విమానం తమదో, ఏది శత్రువులదో గుర్తుపట్టటం నేర్చుకున్నారు. గుర్తుపట్టటంలో పొరపాటు జరిగితే తమవాళ్ళ విమానాన్ని తామే కూల్చుకునే ప్రమాదం ఉన్నది గదా! అందుకని ఆ నమూనాలను కొలతలతో సరిచూసి మరీ తీసుకునేవారు.

ఆ నమూనాలు అసలు విమానంలో 72వ వంతు ఉండేవి. ఈనాడు దొరికే ప్లాస్టిక్ నమూనాలలో చాలా భాగం అదే కొలతలో ఉంటాయి. ఈ 72 ఎక్కడిది? 6 అడుగులంటే 72 అంగుళాలు. అంటే 6 అడుగుల మనిషి ఈ లెక్కలో సరిగ్గా 1 అంగుళం ఉంటాడు. లెక్కకు ఇంతకన్న సుళువేమున్నది?

మనం చెయ్యబోయేది వాంపైర్ అనే జెట్ యుద్ధ విమానం. దీన్ని ఎన్నుకోవటానికి కారణం ఉన్నది. మన భారత వైమానిక దళానికి వచ్చిన మొదటి జెట్ విమానం ఇదే. 1948 నవంబరులో ఇవి మన దేశం చేరాయి. తరవాత బెంగుళూరులోని హిందూస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారంలో మనవాళ్ళే వీటిని తయారుచేశారు.

విచిత్రమైన ఆకారం

వాంపైర్‌ను ఇంగ్లండులో డి హావిలాండ్ కంపెనీవారు తయారుచేశారు. మొదట్లో దీనికి "స్పైడర్ క్రాబ్", అంటే సాలెపీత అని పేరు పెట్టారు. 1943 సెప్టెంబరు 20న హాట్‌ఫీల్డ్ అనేచోట ఇది మొదటిసారి ఎగిరింది. దాన్ని నడిపినవాడు ఆ కంపెనీ స్థాపించిన డి హావిలాండ్ గారి కొడుకే.

దీన్ని చూస్తే ముందు ఆశ్చర్యం కలుగుతుంది. నడుమ ఉన్న పొట్టి డొక్కు, కోడిగుడ్డు లాగా ఉండి, రెక్కలు దాటగానే అయిపోతుంది. రెక్కల నుంచి రెండు సన్నని దూలాలు వెనక్కు సాగి, తోకను మోస్తూంటాయి. ఎందుకిలా చేశారు?

ఆ రోజుల్లో జెట్ ఇంజనుకు బలం తక్కువ. ఇంజను నుంచి వెలువడే వేడి వాయువు పొడుగాటి గొట్టం గుండా పోవలసివస్తే దాని తోపుడు కొంత వృథా అవుతుంది. అందుచేత గొట్టాన్ని వీలైనంత పొట్టిగా ఉంచి, ఇంజను వెనకనే వాయువును బయటికి వదిలేశారు. కాని తోక దూరంగా ఉంటేనేగాని విమానం నిలకడగా పోదు. డొక్కు పొట్టిదై, తోక దూరంగా ఉండాలంటే రెండు దూలాలు పెట్టక తప్పదు. డొక్కు లావుగా ఉండటానికీ కారణం ఉన్నది. దీనిలోని గాబ్లిన్ ఇంజను గాలిని ఒక పెద్ద చక్రంతో చుట్టూ విసిరి ఒత్తిడి చేస్తుంది. ఆ చక్రం చుట్టూ 16 దహన గదులు అమర్చి ఉంటాయి. దానివల్ల ఇంజను వెడల్పు బాగా పెరిగింది.

ఇంకొక వింత చూడండి. జెట్ విమానమైనా దీని డొక్కు లోహంతో చేసినది కాదు, కొయ్యతో చేసినది! బాల్సా అనే తేలిక కొయ్యకు రెండువైపులా పల్చని ప్లైవుడ్డు అంటించి దాన్ని తయారుచేశారు. రెక్కలూ, దూలాలూ మటుకు లోహంవి. ఇలాటి విమానం గంటకు 500 మైళ్ళకు మించిన వేగంతో పోయింది. 1945 డిసెంబరు 3న ఎరిక్ బ్రౌన్ అనే పైలట్ సముద్రం మీద "ఓషన్" అనే ఓడ పైన వాంపైర్‌ను దించాడు. ఓడ మీద జెట్ విమానం దిగటం అదే మొదలు. 1948 జులైలో ఆరు వాంపైర్లు అట్లాంటిక్ సముద్రాన్ని దాటాయి. అంతకుముందు ఏ జెట్ విమానాలూ దాన్ని దాటలేదు.

పని మొదలు

పెట్టె తెరిస్తే విమానం భాగాలన్నీ ప్లాస్టిక్ చట్రానికి, కొమ్మకు కాయలు ఉన్నట్టుగా అంటుకుని ఉంటాయి. కరిగిన పాలిస్టైరిన్ అనే ప్లాస్టిక్కును ఉక్కు అచ్చులోకి ఒత్తి వీటిని పోస్తారు. ప్లాస్టిక్కు పారిన కాలవలే ఈ పుల్లలు. భాగాలను చేత్తో విరవరాదు. విరిస్తే అంచు ముక్క ఊడివస్తుంది. చిన్న కటింగు శ్రావణంతో కాస్త ఎడంగా కత్తిరించి, మిగిలిన మొటికను గరుకు కాగితంతో అరగదియ్యాలి. గరుకు కాగితాన్ని నీటిలో తడిపితే పొడి గాలిలో లేవదు.

కావలసిన వస్తువులు ఎక్కువేమీ లేవు. చిన్న కత్తి, శ్రావణం, సన్న గరుకు కాగితం, రెండు కుంచెలు, ప్లాస్టిక్ జిగురు, రంగులు, బట్టలు ఆరవేసే క్లిప్పులు. కత్తి పట్టవలసినప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. జిగురు పని కిటికీ తెరిచి ఉంచి చెయ్యాలి. దాని ఆవిరి పీల్చటం మంచిది కాదు.

ఈ జిగురు తుమ్మజిగురు వంటిది కాదు. ఇది ప్లాస్టిక్కును కరిగిస్తుంది. కలిపిన రెండు అంచులూ కొంచెం కరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. జిగురులోని ద్రవం ఆవిరైపోగానే రెండు ముక్కలూ ఒకటే ముక్క అయిపోతుంది. కనక జిగురు ఎక్కువైతే విమానం పైభాగం కరిగి పాడవుతుంది. తక్కువే మేలు.

ముందు పైలట్ కూర్చునే చోటుకు రంగు వెయ్యాలి. డొక్కు మూసిన తరవాత అక్కడికి కుంచె పోదు. సీటు మీద పట్టీలు ఉంటాయి. చాక్లెట్టు చుట్టిన వెండి కాగితాన్ని సన్నగా కోసి, రంగు పూసి అంటిస్తే సరిగ్గా పట్టీలే అనిపిస్తాయి. నల్లని మీటర్ల పలక మీద పుల్ల మొనతో తెల్లని చుక్కలు పెడితే చాలు.

తోక మీద కూర్చునే విమానం

డొక్కు రెండు సగాలనూ అంటించే ముందు ఒక పని మరవరాదు. వాంపైర్‌కు మూడు చక్రాలు. ఒకటి ముక్కు కింద, రెండు రెక్కల కింద. అసలు విమానంలో పైలటూ, ముక్కు అడుగున నాలుగు తుపాకులూ, ఇతర సామగ్రీ ముందు భాగాన బరువుగా ఉంటాయి. నమూనాలోనో, ముక్కు డొల్ల. వెనక దూలాలూ తోకా కలిసి బరువైపోతాయి. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే, అంతా పూర్తి చేసి బల్ల మీద నిలబెట్టగానే విమానం ముక్కు పైకెత్తి తోక మీద కూర్చుంటుంది! అప్పుడు దాన్ని పగలగొట్టటం తప్ప దారి లేదు.

దీనికి విరుగుడు తూగుడు బల్ల సూత్రమే. తూగుడు బల్ల మీద చిన్నవాడు కొసన కూర్చుంటే మధ్యకు దగ్గిరగా కూర్చున్న పెద్దవాణ్ణి లేపగలడు. అలాగే ముక్కు చివర కొద్ది బరువు పెట్టినా చాలు. సైకిలు రిపేరు దుకాణంలో దొరికే పాత బేరింగు గుళ్ళు కొన్ని తీసుకుని, మట్టిముద్దలో గుచ్చి ముక్కులో గట్టిగా అదమండి. సీసం వద్దు, అది విషం. తరవాత భాగాలన్నిటినీ జిగురు లేకుండా టేపుతో నిలిపి, వెనక చక్రాలు వచ్చే చోట రెక్కల కింద ఒక పెన్సిలు అడ్డంగా పెట్టి చూడండి. ముక్కు కిందికి వాలితే సరిపోయినట్టే. తోక వాలితే ఇంకొక గుండు వెయ్యాలి.

అసలైన పరీక్ష

వాంపైర్ చేసేవాళ్ళకు అన్నిటికన్న కష్టం రెండు దూలాలను సరిగా నిలబెట్టటం. ఒక దూలం వెంట్రుకవాసి పక్కకు పోయినా తోక పలక ఏటవాలుగా కూర్చుంటుంది. 72 రెట్ల లెక్క మరవకండి. నమూనాలో 1 మిల్లీమీటరు వంకర, అసలు విమానంలో 7 సెంటీమీటర్లకు పైగా వంకర! అలాటి విమానాన్ని ఏ పైలటూ నడపడు.

గ్రాఫు కాగితం మీద నడిమి గీత ఒకటి గీసి, దానికి ఇరుపక్కలా సమాన దూరాన దూలాల గీతలు గీయండి. నమూనాను దాని మీద పెట్టి, దూలాలను అంటించి, వాటి నడుమ తోక పలకను జిగురు ఆరకముందే అమర్చాలి. ఎందుకంటే తోక పలకే రెండు దూలాలనూ సరైన దూరంలో ఉంచుతుంది. ఆ తరవాత కళ్ళను బల్ల ఎత్తుకు దించి, ముందు నుంచి చూడండి. రెక్కలు రెండూ సమానంగా పైకి వాలి ఉండాలి. తోక నేలకు సమాంతరంగా ఉండాలి. సరిగా ఉంటే రాత్రంతా కదల్చకుండా వదిలెయ్యండి. ఈ ఓర్పే ఇందులో సగం విద్య.

అతుకులు ఆరాక వాటిని గరుకు కాగితంతో నున్నగా అరగదియ్యాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. విమానమంతా రివెట్ల వరసలు ఉంటాయనుకుని సూదితో చుక్కలు గుచ్చుతారు. కొయ్య డొక్కుకు రివెట్లు ఎక్కడివి? తెరిచే మూతల అంచులు తప్ప ఆ డొక్కు గుడ్డు పెంకులాగా నున్నగా ఉండాలి. గీతలు ఉండవలసినది రెక్కల మీదా, దూలాల మీదా. అసలు విమానం సంగతి తెలిసినవాడు మాత్రమే నమూనాను సరిగా చెయ్యగలడు.

పైలట్ తల మీది గాజు కప్పుకు ప్లాస్టిక్ జిగురు వాడరాదు. కప్పు కరిగి మచ్చపడుతుంది. కొయ్యపనికి వాడే తెల్ల జిగురు పూస్తే అది ఆరి పారదర్శకంగా అవుతుంది. చక్రాల కాళ్ళు పొట్టిగా ఉన్నాయని విచారించకండి. వాంపైర్‌కు ముందు తిరిగే పంకా లేదు. నేలకు పంకా తగులుతుందన్న భయం లేదు గనకనే కాళ్ళు పొట్టిగా పెట్టారు.

ఏ రంగు? ఏ గుర్తు?

మన దేశపు వాంపైర్లు చాలా ఫొటోలలో వెండి రంగుతో కనిపిస్తాయి. అది లోహపు మెరుపు కాదు, కొయ్యకూ లోహానికీ కలిపి పూసిన రంగు. కనక అద్దంలా మెరవకుండా కాస్త మందంగా ఉండాలి. రంగును పలుచగా రెండు మూడు పూతలుగా వెయ్యండి. ఒకే పూత దళసరిగా వేస్తే సన్నగీతలన్నీ పూడిపోతాయి.

గుర్తుల దగ్గిర మళ్ళీ చరిత్ర అడ్డు వస్తుంది. మీది ఏ సంవత్సరపు విమానం? 1948లో వచ్చినదైతే తెల్లని వలయంలో నీలి అశోకచక్రం ఉండాలి. 1950లో మనది గణతంత్రమైన తరవాతదైతే, బయట కాషాయం, లోపల తెలుపు, నడుమ ఆకుపచ్చ ఉన్న గుండ్రని గుర్తు ఉండాలి. రెక్కల పొడవు కూడా చూసుకోండి. మొదటి రకాలకు 40 అడుగులు; తరవాత వచ్చిన బాంబులు వేసే రకానికి కొసలు కత్తిరించి 38 అడుగులు చేశారు. 38 అడుగులంటే నమూనాలో 16 సెంటీమీటర్లు. కొలబద్ద పెట్టి చూస్తే మీ చేతిలో ఉన్నది ఏ రకమో తెలిసిపోతుంది.

కాలం ఆగదు. 1943లో అద్భుతం అనిపించిన వాంపైర్ 1965 నాటికి పాతబడిపోయింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 1న ఛంబ్ ప్రాంతంలో మన పైలట్లు వాంపైర్లతోనే యుద్ధానికి వెళ్ళారు. తమకన్న వేగంగా పోయే సేబర్ జెట్లు ఎదురై, కొన్ని వాంపైర్లు కూలిపోయాయి. ఆ తరవాత వాటిని ముందువరస పోరాటానికి పంపటం మానేశారు. పాతబడిన విమానాలని తెలిసీ ఆ పైలట్లు వెళ్ళారు. నమూనాలో వేలిగోరంత కూడా లేని ఆ సీటు చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎప్పుడైనా ఢిల్లీ వెళితే పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో అసలు వాంపైర్‌ను చూడండి. నమూనా చెయ్యనివాడు, "ఇదేమిటి, ఇంత పొట్టిగా ఉంది?" అంటాడు. మీరు మటుకు దాని రెండు దూలాలు ఎందుకున్నాయో, కాళ్ళు ఎందుకు పొట్టివో, డొక్కు ఎందుకు నున్ననిదో పక్కవాళ్ళకు చెప్పగలుగుతారు.