బంగారు గనిలో కనిపించని వేట

"ఫిజిక్సు చదివి మా అమ్మాయి ఏం చేస్తుందండీ?" నందిగామ, జగ్గయ్యపేటల్లో పాఠాలు చెప్పే నన్ను తల్లులు తరచూ అడుగుతుంటారు. చెప్తా వినండి.

గెలాక్సీ అంచున నక్షత్రాలు అంత జోరుగా తిరుగుతున్నా చెదిరిపోవు. కంటికి కనిపించని 'కృష్ణ పదార్థం' వాటిని పట్టి ఉంచుతోందనడానికి 1970ల్లో గట్టి ఆధారాలు చూపినవారిలో నలుగురు బిడ్డల తల్లి వేరా రూబిన్ ఒకరు.

అదేమిటో ఇంకా తేలలేదు. మన తెలుగువాళ్లూ చెమటోడ్చిన కోలార్ బంగారు గనిలో, కాస్మిక్ కిరణాలు దాదాపు చేరని లోతున, తెలిసిన సిద్ధాంతాలకు అందని కొన్ని రేణువుల జాడలు 1970ల్లో శాస్త్రవేత్తలకు కనిపించాయి. అవి కృష్ణ పదార్థానివేమోనని 2013లో చెన్నై శాస్త్రవేత్తలు మూర్తి, రాజశేఖరన్ అన్నారు. రుజువు కాలేదు.

కోలార్ గని 2001లో మూతపడింది. 2017లో ఝార్ఖండ్‌లోని జాదుగూడ గనిలో, 555 మీటర్ల లోతున కొత్త ప్రయోగశాల వెలిసింది. రేపు అక్కడ వెతికేవాళ్లలో మీ అమ్మాయీ ఉండొచ్చు. చదువు మాన్పించకండమ్మా!