ఇంజిన్ ఆయిల్ పెరుగుతోందా?

ఇంజిన్ ఆయిల్ తగ్గితే కంగారుపడే డీజిల్ కారు యజమానులు, అదే ఆయిల్ డిప్‌స్టిక్ మీద పై గీతను దాటితే పెద్దగా పట్టించుకోరు. నిజానికి ఎవరూ పోయకుండా మట్టం పెరిగిందంటే అందులో మరో ద్రవం చేరినట్టే, చాలా సందర్భాల్లో అది డీజిలే. కూలెంట్ కలిసిన ఆయిల్ పాలు పోసిన కాఫీలా మారి కంటికే పట్టుబడుతుంది గాని, డీజిల్ కలిసిన ఆయిల్ రంగు మారకుండానే పలచబడుతుంది. అప్పుడు క్రాంక్‌షాఫ్ట్‌కూ బేరింగులకూ నడుమ నిలవాల్సిన నూనె పొర బలహీనపడి అవి త్వరగా అరిగిపోతాయి. మట్టం మరీ పెరిగితే ఆయిల్ బ్రీదర్ గొట్టం గుండా గాలి దారిలోకి చేరి, తాళం తీసినా ఆగకుండా ఇంజిన్ దాన్నే మండించుకుంటూ పరుగెత్తే ప్రమాదమూ ఉంది.

2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమలైన బీఎస్6 ప్రమాణాల కోసం డీజిల్ కార్లకు అమర్చిన డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టి ఉంచే వడపోత సాధనం, ఆయిల్‌లో ఇలా డీజిల్ చేరడానికి ఒక ముఖ్య కారణం. పేరుకున్న మసిని కాల్చడానికి సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అందుకోసం అనేక ఇంజిన్లలో అసలు దహనం ముగిశాక సిలిండర్‌లోకి మరికొంత డీజిల్ చిమ్ముతారు, అందులో కొంత గోడలకు అంటి, పిస్టన్ రింగులను దాటి, అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోకి జారుతుంది. పెట్రోలైతే ఇంజిన్ వేడికి చాలావరకు ఆవిరవుతుంది, డీజిల్ అంత తేలికగా పోదు. నగరపు రద్దీలో రెండు మూడు కిలోమీటర్లకే ఆగిపోయే కారులో మసిని కాల్చే ఈ శుద్ధి సగంలో తెగి మళ్లీ మళ్లీ మొదలవుతుంది గనుక నష్టం ఎక్కువ.

వాసన చూసి తేల్చడం నమ్మదగిన పద్ధతి కాదు. చదునైన నేల మీద, ఇంజిన్ ఆపిన కొన్ని నిమిషాలకు, వారం వారం మట్టం చూసి రాసుకుంటే పెరుగుదల తెలుస్తుంది. ప్రయోగశాలలో చిక్కదనాన్ని కొలిచి, గ్యాస్ క్రొమటోగ్రఫీతో డీజిల్ శాతాన్నీ చెప్పగలరు. అసలు చిక్కు అది ఎక్కడినుంచి వస్తున్నదో కనిపెట్టడంలోనే ఉంది. ఇంజిన్ కంప్యూటర్ వివరాలు చదివే స్కానర్‌లో అసంపూర్తి శుద్ధులు ఎక్కువగా కనిపిస్తే కారు నడిచే తీరును అనుమానించాలి. శుద్ధి సక్రమంగా సాగుతున్నా మట్టం పెరుగుతుంటే ఇంజెక్టర్ కారుతున్నదో, హై ప్రెషర్ పంపు సీలు దెబ్బతిన్నదో చూడాలి. కారుతున్న చోటి ఆనవాలు కోసం డీజిల్‌లో మెరిసే రంగు కలిపి, అతినీలలోహిత దీపంతో వాల్వ్ కవర్ కింద వెతుకుతారు. ఎక్కువైన ఆయిల్‌ను మాత్రమే తోడేసి బండి అప్పగించడం వైద్యం కాదు, ఎందుకంటే మిగిలినదీ పలచబడినదే. కారణాన్ని సరిచేసి, ఆయిల్‌నూ ఫిల్టర్‌నూ మార్చి, కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మట్టాన్ని మళ్లీ పరిశీలించాలి.