పాడేవారి పండుగ

వసంత ఋతువుకూ సంగీతానికీ గల సంబంధం మన దేశంలో చిరకాలానిది. తెలంగాణ పల్లెలలో ఫాల్గుణ పూర్ణిమను కాముని పున్నమి అంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, త్రిపురారం ప్రాంతాలలో ఆ పున్నమికి ముందు రాత్రులలో పిల్లలు కోలలు చేతబట్టి, ఇంటింటి ముంగిట నిలిచి జాజిరి పాటలు పాడే ఆచారం తరతరాలుగా వస్తున్నది. ఆ పాటలకు ప్రత్యేకమైన వేదిక లేదు. పాడేవారూ ఆడేవారూ ఊరి పిల్లలే. అదే పున్నమినాడు వంగదేశంలోని ఒక విద్యాలయంలో విద్యార్థులు వసంతగీతాలు పాడే సంప్రదాయం నెలకొన్నది. అదే శాంతినికేతనంలోని వసంతోత్సవం.

వసంతోత్సవాలు తెలుగువారికి కొత్తవి కావు. పద్నాలుగవ శతాబ్ది చివర కొండవీటిని పాలించిన కుమారగిరిరెడ్డి ఏటా వసంతోత్సవాలను వైభవంగా జరిపించి ‘కర్పూర వసంతరాయలు’ అనే బిరుదు పొందాడు. ‘వసంతరాజీయం’ అనే నాట్యశాస్త్ర గ్రంథం ఆయన పేరిట ప్రసిద్ధమైనది. అయితే ఆ ఉత్సవం రాజాశ్రయం మీద నిలిచినది. రాజు ఆదరించినంత కాలం కళాకారులు ప్రదర్శించారు. రాజ్యం అంతరించగానే ఆ వైభవమూ అంతరించింది. శాంతినికేతనంలోని ఉత్సవం పుట్టుక ఇందుకు భిన్నమైనది.

రవీంద్రనాథ ఠాగూరు 1901లో శాంతినికేతనంలో ఒక చిన్న పాఠశాలను స్థాపించాడు. చెట్ల నీడన కూర్చొని చదువుకొనే ఆ బాలురకు ఋతువుల మార్పు కూడా ఒక పాఠమే. 1907లో వసంత పంచమినాడు రవీంద్రుని చిన్న కుమారుడు శమీంద్రనాథుడు తోటి పిల్లలను కూడగట్టి ‘ఋతు ఉత్సవం’ జరిపాడు. పిల్లలు ఋతువుల వేషాలు ధరించి ఆడిపాడారు. శాంతినికేతనంలోని ఋతు సంబంధమైన పండుగలకు అదే ఆది. ఆ సంవత్సరం నవంబరులోనే శమీంద్రుడు కలరా సోకి బాల్యంలోనే మరణించాడు. పండుగను ప్రారంభించిన పిల్లవాడు మరుసటి వసంతాన్ని చూడలేదు. కాని అతడు నాటిన బీజం వ్యర్థం కాలేదు.

తరువాతి సంవత్సరాలలో రవీంద్రుడు ఋతువులను గురించి అనేక గీతాలు, నాటకాలు రచించాడు. ‘ఫాల్గుణి’ నాటకమూ, 1923లో వెలువడిన ‘వసంత’ గేయనాటికా అటువంటివి. రెండవదానిని ఆయన అప్పుడు కారాగారంలో ఉన్న యువకవి కాజీ నజ్రుల్ ఇస్లాంకు అంకితమిచ్చాడు. రవీంద్రుడు కట్టిన బాణీలను దినేంద్రనాథ ఠాగూరు స్వరబద్ధం చేసి విద్యార్థులకు నేర్పేవాడు. 1921లో ఆ పాఠశాల విశ్వభారతిగా విస్తరించింది. తొలినాళ్లలో వసంతోత్సవానికి నియతమైన తిథి లేదు. కాలక్రమాన అది ఫాల్గుణ పూర్ణిమనాడు స్థిరపడింది. పసుపుపచ్చని వస్త్రాలు ధరించిన విద్యార్థినీ విద్యార్థులు ఉదయాన పాడుతూ, నర్తిస్తూ ఊరేగింపుగా సాగుతారు. గీతాలూ నృత్యాలూ ముగిసిన తరువాత ఒకరిపై ఒకరు రంగుపొడి చల్లుకొంటారు. ఇక్కడ పాడేది ఆహ్వానితులైన విద్వాంసులు కారు, అక్కడ చదువుకొనేవారే. ఈ ఉత్సవపు విశిష్టత అంతా ఇందులోనే ఉన్నది.

ఈ గాలి తెలుగునాటికీ సోకింది. రాయప్రోలు సుబ్బారావు, బెజవాడ గోపాలరెడ్డి శాంతినికేతనంలో విద్యనభ్యసించినవారే. గోపాలరెడ్డి తరువాతి కాలంలో రవీంద్రుని రచనలను తెలుగులోకి అనువదించాడు. 1919 వసంతారంభంలో రవీంద్రుడే మదనపల్లెలోని బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చాడు. అప్పుడు ఆ కళాశాల ప్రధానాచార్యుడు ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్. ఒక సాయంకాలపు గాన సభలో రవీంద్రుడు ‘జనగణమన’ గీతాన్ని ఆలపించగా విద్యార్థులు గొంతు కలిపారు. ఫిబ్రవరి 28న ఆయన ఆ గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించి ఇచ్చాడు. పాశ్చాత్య సంగీతంలో నిష్ణాతురాలైన మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరలిపి రూపొందించింది. ఆ కళాశాల దానిని తన ప్రార్థనాగీతంగా స్వీకరించింది. 1950 జనవరి 24న ఆ గీతమే జాతీయగీతమైనది. ఒక చిన్న పట్టణపు కళాశాలలో విద్యార్థులు వినడంతో ఆగిపోక గొంతు కలిపారు. అందువల్లనే ఆ సాయంకాలానికి చరిత్రలో స్థానం లభించింది.

కీర్తి పెరిగిన పండుగకు కీర్తి వల్లనే చిక్కులు కలుగుతాయి. శాంతినికేతన వసంతోత్సవానికి దూరప్రాంతాల నుండి వచ్చే జనం ఏటేటా పెరిగిపోయారు. పాడే విద్యార్థుల కంటే చూడవచ్చినవారు ఎన్నో రెట్లయ్యారు. ఆ రద్దీలో పాటలు వినపడని స్థితి ఏర్పడింది. 2020లో కోవిడ్ కారణంగా ఉత్సవం రద్దయింది. ఆ తరువాతి సంవత్సరాలలో విశ్వభారతి బయటి జనసమూహాన్ని ఆహ్వానించక, తన అధ్యాపకులతోనూ విద్యార్థులతోనూ ఉత్సవాన్ని జరుపుకొన్నది. అందరిదీ అయిన పండుగకు తలుపులు మూయడం తగదని కొందరన్నారు. పండుగ స్వభావాన్ని కాపాడడానికి అది అవసరమని మరికొందరన్నారు. రెండు వాదాలలోనూ న్యాయమున్నది. ప్రేక్షకులు లేని కళ ముడుచుకొనిపోతుంది. ప్రేక్షకులే మిగిలిన పండుగ ప్రదర్శనగా మారిపోతుంది.

మన కళాశాలల వార్షికోత్సవాలు కూడా సాధారణంగా పరీక్షలకు ముందు, మామిళ్లు పూతకు వచ్చే దినాలలోనే జరుగుతాయి. రికార్డు చేసిన పాటలను పెద్ద ధ్వనితో వినిపించి, వాటికి అనుగుణంగా పెదవులు కదిలించడం నేడు సులభమైన మార్గం. స్వయంగా పాట నేర్చి పదిమందితో కలిసి పాడడం కష్టమైనది. తప్పిన తాళాన్ని సరిచేసుకోవడంలో, పక్కవాని గొంతు విని తన గొంతును తగ్గించుకోవడంలో విద్యార్థి అలవరచుకొనే సంయమనం సామాన్యమైనది కాదు. జాజిరి పాడిన పల్లె పిల్లలకు గాని, ఋతువుల వేషాలు ధరించిన శమీంద్రుని మిత్రులకు గాని ధనం తోడు కాలేదు, ఉత్సాహమే తోడైనది. ఉత్సవాన్ని రాజులు ఘనంగా జరిపించగలరు. దానిని తరువాతి తరానికి అందించగలిగినవారు మాత్రం పాడేవారే.

ప్రశ్నలు

1. కొండవీటి వసంతోత్సవానికీ శాంతినికేతన వసంతోత్సవానికీ గల భేదాన్ని వివరించండి.
2. మదనపల్లె కళాశాలలో 1919లో జరిగిన సంఘటన ప్రాముఖ్యాన్ని తెలపండి.
3. ‘ప్రేక్షకులే మిగిలిన పండుగ ప్రదర్శనగా మారిపోతుంది’ అన్న వాక్యాన్ని మీ కళాశాల వార్షికోత్సవంతో అన్వయించి చర్చించండి.