ముగ్గురితో మొదలైన మంత్రివర్గం

2024 సెప్టెంబరు 24 నుంచి దాదాపు ఎనిమిది వారాల పాటు శ్రీలంక మంత్రివర్గంలో ఉన్నది ముగ్గురే. కొత్త అధ్యక్షుడు అనుర కుమార దిస్సనాయకె, ప్రధాని హరిణి అమరసూరియ, సీనియర్ ఎంపీ విజిత హేరత్. దేశంలోని శాఖలన్నీ వాళ్లే పంచుకున్నారు. న్యాయం, విద్య, ఆరోగ్యం ప్రధాని చూశారు. విదేశాంగం, రవాణా, పోలీసు వ్యవహారాలు హేరత్‌కు దక్కాయి. రక్షణ, ఆర్థికం, ఇంధనం, వ్యవసాయం అధ్యక్షుడే ఉంచుకున్నారు.

ఇది పొదుపు కోసం చేసింది కాదు. అక్కడి రాజ్యాంగం వల్ల అలా చేయక తప్పలేదు. అమెరికాలో లాగే శ్రీలంకలోనూ అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. అయితే అమెరికా అధ్యక్షుడు తన మంత్రులను చట్టసభ బయటి నుంచి తెచ్చుకుంటాడు; శ్రీలంక అధ్యక్షుడు పార్లమెంటు సభ్యుల్లోంచే ఎంచుకోవాలి. మన దగ్గర సభ్యుడు కానివారిని కూడా మంత్రిని చేసి, ఆరు నెలల్లోగా చట్టసభకు పంపవచ్చు. శ్రీలంకలో ఆ వెసులుబాటు లేదు. దిస్సనాయకె కూటమి అయిన జాతీయ ప్రజాశక్తికి 225 మంది సభలో అప్పటికి ఉన్నవి మూడే సీట్లు. ఆయన అధ్యక్షుడు కావడంతో ఒకటి ఖాళీ అయింది. మిగిలింది ఆ ఇద్దరే.

ఇతర పార్టీల నుంచి ఎంపీలను లాక్కునే దారి ఒకటుంది. శ్రీలంకలో అది అలవాటైన దారే. గోడ దూకినవారికల్లా పదవి ఇస్తూ పోవడం వల్లే మహింద రాజపక్స హయాంలో, 2007లో, ఉపమంత్రులతో కలిపి మంత్రుల సంఖ్య వంద దాటింది. దీన్ని అరికట్టాలనే 2015లో 19వ రాజ్యాంగ సవరణ తెచ్చి కేబినెట్ మంత్రులు 30కి మించకూడదన్నారు. జాతీయ ప్రభుత్వం ఏర్పడితే మాత్రం మినహాయింపు పెట్టారు. అదే ఏడాది ఆ మినహాయింపును వాడుకుని పరిమితి దాటారు. మన దేశంలో 91వ సవరణ ప్రకారం సభ బలంలో 15 శాతమే పరిమితి. అందుకే ముఖ్యమంత్రితో కలిపి ఆంధ్రప్రదేశ్‌లో గరిష్ఠంగా 26 మంది, తెలంగాణలో 18 మంది ఉండవచ్చు. ఈ లెక్కలో జాతీయ ప్రభుత్వం పేరుతో మినహాయింపు లేదు.

దిస్సనాయకె ఫిరాయింపుల జోలికి పోలేదు. ప్రధానిని నియమించిన రోజే పార్లమెంటును రద్దు చేసి ప్రజల దగ్గరికి వెళ్లారు. సెప్టెంబరు అధ్యక్ష ఎన్నికల్లో తొలి లెక్కింపులో ఆయనకు వచ్చింది 42.31 శాతం ఓట్లే. నవంబరు 14న జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో మాత్రం ఆయన కూటమికి 159 సీట్లు వచ్చాయి. మూడింట రెండొంతులు దాటిన బలం అది. నవంబరు 18న 21 మంది మంత్రులు ప్రమాణం చేశారు. అధ్యక్షుడితో కలిపి 22.

ఈ జాబితాను నిదానంగా చదవాలి. రక్షణ, ఆర్థికం రెండూ మళ్లీ అధ్యక్షుడి దగ్గరే ఉండిపోయాయి. 2022లో అప్పులు కట్టలేక చేతులెత్తేసిన దేశంలో ఖజానా తాళం ఎవరి దగ్గరుంటే అసలు అధికారం వారిదే. 2025 ఫిబ్రవరిలో బడ్జెట్ ప్రవేశపెట్టింది కూడా ఆయనే. ఢిల్లీ హిందూ కాలేజీలో చదివిన సామాజిక శాస్త్రవేత్త హరిణి ప్రధానిగా కొనసాగుతూ విద్యాశాఖను అట్టిపెట్టుకున్నారు. సిరిమావో, చంద్రిక తర్వాత ప్రధాని పదవిలోకి వచ్చిన మూడో మహిళ ఆమె. ఇద్దరు తమిళులకు చోటు దొరికింది: మత్స్యశాఖకు రామలింగం చంద్రశేఖర్, మహిళా శిశు శాఖకు సరోజా సావిత్రి పాల్‌రాజ్. సరోజ గెలిచింది సింహళులు అధికంగా ఉండే దక్షిణ జిల్లా మాతర నుంచి. పాతికేళ్లకు పైగా అంతర్యుద్ధం చూసిన దేశంలో ఇది చిన్న సంగతి కాదు. మొత్తం మంత్రివర్గంలో మహిళలు ఇద్దరే కావడం మాత్రం నిరాశ కలిగిస్తుంది.

అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటి. జనాభాలో దాదాపు పదో వంతు ఉన్న ముస్లింల నుంచి ఒక్కరికీ కేబినెట్ హోదా దక్కలేదు. అర్హత చూసే ఎంచుకున్నామని, కులం మతం చూడలేదని ప్రభుత్వం చెప్పింది. ఆ తర్వాత డిప్యూటీ స్పీకర్ పదవి, ఒక ఉపమంత్రి పదవి ముస్లింలకు ఇచ్చింది. నాకు ఈ సమాధానం సరిపోదు. 2019 ఈస్టర్ పేలుళ్ల తర్వాత ఏళ్ల తరబడి అనుమానపు చూపులు భరించిన సమాజానికి, నిర్ణయాలు జరిగే గదిలో తనవాడొకడు ఉండటం అవసరం. అధికార కూటమి తరఫున గెలిచిన ముస్లిం ఎంపీలు ఉన్నారు. 30 మంది పరిమితిలో చోటూ ఉంది. ఆ చోటును దిస్సనాయకె ఖాళీగా వదిలేశారు, అది తప్పు.