ఉప్పు నేలలో పూసే అరుదైన పువ్వు

పామర్రు పరిసరాలలో పుట్టి పెరిగిన మనకు పువ్వులంటే మల్లె, బంతి, కనకాంబరం. మూరల లెక్కన అమ్మేవే మనకు బాగా గుర్తు. ఎవరూ కోయని, ఎవరూ అమ్మని పువ్వులు కూడా మన కోస్తాలో ఉన్నాయి. వాటిలో ఒకదానిని ఈ నెల మీకు పరిచయం చేస్తున్నాము.

దాని శాస్త్రీయ నామం బ్రౌన్లోవియా టెర్సా. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవిలో పెరిగే పొద ఇది. బెండ, పత్తి, మందారలది ఏ కుటుంబమో దీనిదీ అదే. ఆకులు సన్నగా, పొడవుగా ఉండి, అడుగువైపు వెండిపూత పూసినట్లు కనిపిస్తాయి. పువ్వులు చాలా చిన్నవి. ఒడిశా, బెంగాల్ మడ అడవులలోనూ, ఆగ్నేయాసియా తీరాలలోనూ ఈ మొక్క ఉన్నది. అయినప్పటికీ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని ప్రమాదానికి చేరువైన జాతిగా గుర్తించింది.

ఎందుకీ దుస్థితి? మడచెట్టు గింజ కాయలో ఉండగానే మొలకెత్తుతుంది. బురదలో పడగానే వేరూనుతుంది. ఈ పొద గింజకు ఆ వసతి లేదు. రాలిన తరువాతే మొలవాలి, అందుకు తగిన నేల దొరకాలి. నది నీరు, సముద్రపు నీరు కలిసే చోటే దానికి అనుకూలం. రొయ్యల చెరువులకు తవ్వేదీ అటువంటి నేలనే! తీరంలోని చెరువులపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో ప్రత్యేక చట్టమూ వచ్చింది. కాని ఒకసారి చెరువుగా మారిన నేల తిరిగి అడవి కావడం తేలిక కాదు.

ఇది గోదావరి వారి సంగతి, మనకెందుకు అనుకోవద్దు. చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక దాటి వెళితే మన కృష్ణ సముద్రంలో కలిసే చోట కూడా మడ అడవి ఉన్నది. 1989లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. పైన కాలువలకు మళ్ళగా మిగిలిన నది నీరే దానికి ఆధారం. ఆ నీరు తగ్గితే ఉప్పు పెరుగుతుంది, సున్నితమైన మొక్కలు ముందుగా పోతాయి.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మన పెద్దలు మరువలేదు. వేలమంది ప్రాణాలు పోయాయి. మడ అడవి ఉప్పెనను పూర్తిగా ఆపలేదు గాని, అలల ఉధృతిని తగ్గిస్తుంది. చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరిగేదీ దాని వేళ్ళ నీడలోనే.

రొయ్యల సాగుపై బ్రతికే కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. చెరువు తవ్వేటప్పుడు మడ నేలను విడిచిపెట్టమని మాత్రమే కోరుతున్నాము. ఈ సెలవులలో మీ పిల్లలను ఒకసారి నాగాయలంక తీసుకువెళ్ళండి. పేరు తెలిసిన చెట్టును నరకడానికి ఎవరికైనా చేయి అంత త్వరగా రాదు.